మాంట్ బ్లాంక్ చుట్టూ నడవాలంటే ముందు అలిపిరి దిగడం నేర్చుకోండి

తిరుపతిలో పుట్టినోడికి కొండెక్కడం ఇంకొకరు నేర్పించాలా అనుకునేవాణ్ణి నేను. మొక్కులకీ, పరీక్షలకీ, ఒక్కోసారి ఊరికే పనిలేక కూడా అలిపిరి మెట్లెక్కినోణ్ణి, 3550 మెట్లు, గాలిగోపురం దాకా ఊపిరాడదు, జింకల పార్కు కాడ తేరుకుంటాం, మళ్ళా మోకాళ్ళ పర్వతం కాడ గోవిందా అంటాం, ఇదంతా ఒంటికి అలవాటే. అందుకే మాంట్ బ్లాంక్ చుట్టూ గైడుతో పది రోజుల ట్రెక్ అనంగానే ధీమాగా పోయినా. ఎక్కేకాడ నిజంగానే ఇబ్బంది పడలా. దిగేకాడ పరువు పోయింది. ఎందుకంటే మనం మెట్లెక్కుతాం, దర్శనం చేసుకుంటాం, లడ్డూ కవరు పట్టుకుని బస్సెక్కి కిందికొస్తాం. నలభై ఏళ్ళలో నేను కొండ నడిచి దిగింది నాలుగైదు సార్లు ఉంటే ఎక్కువ. మీరు పోయే ఆలోచనలో ఉంటే నేను పడిన తిప్పలు మీకొద్దు, తీరిగ్గా చదవండి.

ముందు ఇదేందో చెప్తా. మాంట్ బ్లాంక్ 4800 మీటర్ల పైచిలుకు ఎత్తుండే మంచుకొండ, అక్కడోళ్ళు మోఁ బ్లాఁ అంటారు. 1786లో డాక్టర్ పక్కార్, బల్మా అనే ఇద్దరు, కొండ కింద ఫ్రాన్స్ వైపుండే షమోనీ ఊరోళ్ళు, మొదట ఎక్కినారు. మనం దాన్ని ఎక్కం, చుట్టూ తిరిగొస్తాం, అంటే అరుణాచలం గిరిప్రదక్షిణ టైపు, కాకపోతే అది 14 కిలోమీటర్లు, ఇది దాదాపు 170. ఫ్రాన్స్‌లో మొదలుపెట్టి ఇటలీలోకి దిగి స్విట్జర్లాండ్ మీదుగా మళ్ళా ఫ్రాన్స్‌కే వస్తాం. ఎక్కుడంతా కలిపితే సుమారు 10,000 మీటర్లు. అలిపిరి నుంచి తిరుమలకి 700 మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి పద్నాలుగు సార్లు కొండెక్కినట్టు, పద్నాలుగు సార్లు దిగినట్టు, ఆ రెండో మాట గుర్తు పెట్టుకోండి. ఇంకో సంగతి, అందరూ తిరిగేది గడియారానికి ఎదురుగా, కొండ ఎప్పుడూ ఎడమచేతి పక్కనే ఉంటుంది. మా అమ్మకి మ్యాపు చూపిస్తే "అప్రదక్షిణం చేస్తారా ఎవురన్నా" అనింది, నాకాడ జవాబు లేదు.

ఎప్పుడు పోవాలి అంటే జూన్ చివరి నుంచి సెప్టెంబర్ సగం దాకానే, అంతకు ముందు కనుమల మీద మంచు కరగదు. ట్రెక్కులో కోల్ అనే మాట రోజూ వినపడుతుంది, మన భాకరాపేట కనుమ ఉంది చూడండి, అట్లాంటిదే, ఒక లోయలోంచి ఇంకో లోయలోకి దాటే చోటు, కాకపోతే ఇవి రెండున్నర వేల మీటర్ల ఎత్తులో ఉంటాయి. ఆగస్టు చివరి వారం మాత్రం వద్దు, ఇదే దారిలో పెద్ద పరుగు పందెం జరుగుతుంది, రూములు దొరకవు. మనం పది రోజులు నడిచేది ఆ పందెంలో ముందొచ్చేవాడు దాదాపు ఇరవై గంటల్లో ముగిస్తాడు, ఆ లెక్క తలుచుకోకుండా ఉంటేనే మనకి మంచిది.

గైడు అవసరమా? దారి తప్పుతామని కాదు, బోర్డులు బాగానే ఉంటాయి. రాత్రి పడకల కోసం గైడు కావాల. దారి పొడుగునా రెఫ్యూజ్‌లు అని కొండమీది సత్రాలు ఉంటాయి, వాటిల్లో పడకలు నెలల ముందే నిండిపోతాయి, మనం ఇక్కణ్ణించి ఒక్కోదానికి ఫ్రెంచి ఇటాలియన్ మెయిళ్ళు రాసుకుంటా తేదీలు కుదుర్చుకోవడం నావల్ల కాలా. గైడెడ్ గ్రూపుల్లో అదంతా వాళ్ళే చూస్తారు, ఎనిమిది మంది నుంచి పన్నెండు మంది దాకా ఉంటారు. డబ్బు కట్టేముందు నాలుగు సంగతులు అడగండి: గైడుకి ఇంటర్నేషనల్ మౌంటెన్ లీడర్ సర్టిఫికెట్ ఉందా, పెద్ద బ్యాగు వ్యాన్‌లో ముందుకి పంపిస్తారా, ఏ రాత్రులు బ్యాగు మనకాడికి రాదు, ఇనప నిచ్చెనలుండే దారిలో తీసుకుపోతారా లేక పక్కదారి ఉందా. ఈ చివరిది నేను అడగలా. ఫ్రాన్స్‌లో ట్రే లె షాఁ అనే ఊరు దాటినాక బండకి కొట్టిన నిచ్చెనలు చూసి మా గ్రూపులో ఒకాయన అక్కడే కూలబడిపోయినాడు. గైడు ఒప్పుకుంటే లోయలో తారురోడ్డు ముక్కలు బస్సులో పోండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మోకాళ్ళు మిగుల్తాయి.

వీసా గురించి తొందరగా చెప్పేస్తా. మూడు దేశాలకీ ఒకటే షెంగెన్ వీసా. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి అప్లై చేయాల, మామూలుగా ఈ ట్రెక్కుకి అది ఫ్రాన్స్ అవుతుంది, విమానం జెనీవాలో దిగినా సరే. నాకు ఒక ఏజెంటు "జెనీవా కదన్నా, స్విస్ వీసా పెడదాం" అన్నాడు, ఆయన మాట విని నెల రోజులు పోగొట్టుకున్నా, మీరు రాత్రులు వేళ్ళ మీద లెక్కేసుకోండి. మనకి దగ్గర చెన్నై సెంటరే, పొద్దున బస్సుకి పోయి రాత్రికి ఇంటికి రావచ్చు. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జి వేరే. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాల, కానీ అది వీసా కోసం మాత్రమే, అందులో ట్రెక్కింగూ హెలికాప్టరూ ఉన్నాయా లేదా అని చిన్నక్షరాలు చదవండి, స్విస్ వైపు హెలికాప్టర్ వస్తే బిల్లు మన నెత్తినే.

ఇంక అసలు విషయం, ప్రాక్టీసు. నాలుగు నెలలు పెట్టుకోండి. మొదటి నెల వారానికొకసారి శ్రీవారి మెట్టు ఎక్కండి, 2388 మెట్లు, చిన్నదే గానీ నిట్టనిలువుగా ఉంటుంది. రెండో నెల నుంచి శ్రీవారి మెట్టు ఎక్కి అలిపిరి దారిలో నడిచి దిగండి. బస్సు కాదు, జీపు కాదు, నడిచి. మొదటిసారి దిగినాక మర్నాడు తొడల ముందు కండ పట్టేసి ఇంట్లో కుర్చీలో కూర్చోవాలన్నా గోడ పట్టుకున్నా నేను, ఎక్కేటప్పుడు ఎప్పుడూ అట్లా కాలా. ఎక్కేటప్పుడు కండ ముడుచుకుంటా పనిచేస్తుంది, దిగేటప్పుడు ఒంటి బరువుని ఆపుకుంటా సాగుతుంది, ఆ సాగడం అలవాటు లేకపోతేనే ఈ నొప్పి, నాలుగైదు సార్లు దిగినాక తగ్గిపోతుంది. మూడో నెల బ్యాగులో ఆరు కేజీల బియ్యం సంచి వేసుకుని దిగండి. నీళ్ళ బాటిళ్ళతో చేస్తే దారిలో తాగేసి తేలిక చేసుకుంటాం, బియ్యం అయితే తినలేం కదా. నాలుగో నెల శని ఆదివారం వరసగా రెండు రోజులు చేయండి, ఎందుకంటే అక్కడ కష్టం ఒక రోజు నడవడంలో లేదు, నిన్న నడిచిన కాళ్ళతో ఈరోజు లేవడంలో ఉంది. గేట్ల టైమింగ్స్ ముందే కనుక్కోండి, 2023లో చిరుత గొడవ అయినప్పట్నించి రూల్సు మారుతా ఉన్నాయి.

బూట్ల కాడ మనకొక చిక్కుంది. మెట్ల మీద నేను చెప్పుల్లేకుండానే పోతా, మీరూ అంతే అనుకుంటా, మరి బూట్లు కాలికి అలవాటయ్యేది ఎట్లా? నేను చంద్రగిరి కోట చుట్టూ, తలకోన కాడ రాళ్ళ దారిలో, ఇంకా మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద తొడుక్కుని తిరిగినా, వాచ్‌మెన్ నన్ను అదోలా చూసేవాడు. కొత్త బూట్లతో మాత్రం విమానం ఎక్కొద్దు. అర సైజు పెద్దవి తీసుకోండి, సాయంత్రం పూట కాలు ఉబ్బి ఉన్నప్పుడు తొడిగి చూసి కొనండి.

ఇప్పుడు నా పరువు కథ. నాలుగో రోజు ఇటలీలో షెక్రుయి అనే కనుమ నుంచి కూర్మాయోర్ ఊర్లోకి దిగాల. పైన 1956 మీటర్లు, కింద 1224, సరిగ్గా తిరుమల నుంచి అలిపిరి దిగినంత, ఆ లెక్క చూసి నవ్వుకున్నా కూడా. అడివిలో దుమ్ము దారి, మెలికలు మెలికలు, మెట్లు లేవు, వేర్లూ రాళ్ళే. అరగంటకి రెండు బొటనవేళ్ళూ బూటు ముందు గోడకి గుద్దుకోవడం మొదలైంది, గంటకి కుడి మోకాలు చిప్ప పక్కన సూదితో పొడిచినట్టు. మా గైడు, యాభై దాటినావిడ, వెనక్కి వచ్చి ఏమీ అడగలా, నన్ను బండ మీద కూర్చోబెట్టి నా బూటు లేసు మొత్తం విప్పేసింది. మడమని వెనక్కి గట్టిగా తట్టింది, పాదం మీద లేసు వదులుగా పోనిచ్చి, చీలమండ మడత పడేకాడ రెండు మెలికలేసి బిగించి ముడి, అక్కణ్ణించి పైకి మామూలుగా కట్టింది. లేచి రెండడుగులు వేస్తే వేళ్ళు ముందుకి జారడం లేదు. అప్పుడు చేత్తో ఆనుకుని నడిచే స్టిక్స్ రెండూ ఒక నాలుగు వేళ్ళంత పొడుగు పెంచింది, ఎక్కేటప్పుడు పొట్టిగా, దిగేటప్పుడు పొడుగ్గా అని చేత్తో చూపించింది. అడుగు చిన్నది వేయాల, మోకాలు ఎప్పుడూ కొంచెం వంగే ఉండాల, కాలు కంటే ముందు కర్ర ఆనాల. ఆ ముడి ముందే తెలిసుంటే నా గోళ్ళు రెండూ నల్లబడి రాలిపోయేవి కావు. పోయే ముందురోజు కాలిగోళ్ళు బాగా పొట్టిగా కత్తిరించుకోండి, చిన్న సంగతే గానీ అనుభవించినోడికి తెలుస్తుంది.

బ్యాగులో ఏం పెట్టాల? వానకోటు, స్వెట్టరు లాంటి ఫ్లీసు, ఉన్ని టోపీ, గ్లౌజులు, జూలై అయినా సరే. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, దానికి గాలి తోడైతే మన డిసెంబర్ తిరుమల చలి ఏపాటిది. ఎండ కూడా మోసం చేస్తుంది, చల్లగా ఉంది కదా అని వదిలేస్తే ముక్కు తోలు ఊడుతుంది. స్టిక్స్ చెక్ఇన్ బ్యాగులో, పవర్‌బ్యాంక్ చేతి బ్యాగులో. నెయ్యీ చికెన్ పచ్చడీ తీసుకుపోవద్దు, పాలవీ మాంసంవీ లోపలికి రానీరు. కరివేపాకు పొడి, శెనక్కాయ ఉండలు, నిమ్మ ఊరగాయ చిన్న డబ్బా చాలు. సిమ్ము ఫ్రాన్స్‌ది కొంటే ఇటలీలో పనిచేస్తుంది, స్విస్‌లో మాత్రం ప్లాన్‌లో ఉందో లేదో చూసుకోండి, వాళ్ళు యూరోపియన్ యూనియన్‌లో లేరు. డబ్బు కూడా అక్కడ ఫ్రాంకులు.

రెఫ్యూజ్ అంటే హోటల్ అనుకోవద్దు. ఒక్కో గదిలో పది పడకలు వరసగా, బూట్లు బయట అరలో పెట్టి లోపల చెప్పులు, దుప్పటి ఇస్తారు గానీ లోపల కప్పుకునే పల్చటి సంచి దుప్పటి మనదే ఉండాల. రాత్రి భోజనం ఏడింటికి ఒకేసారి అందరికీ, లేటైతే వంటింటి తలుపు మూసేస్తారు. వెజిటేరియన్ అని బుక్ చేసేటప్పుడే రాయించండి, అక్కడికిపోయి చెప్తే చీజూ బ్రెడ్డే గతి. ఇటలీ వైపు తిండి మనకి సరిపోతుంది, పోలెంటా అని మొక్కజొన్న పిండితో చేస్తారు, చూడ్డానికి సంగటే, ఊరుబిండి లేని సంగటి. నేను పైన పొడి చల్లుకున్నా, పక్కన కూర్చున్న డచ్చి దంపతులు అడిగి వేయించుకున్నారు, తరువాత చాలా నీళ్ళు తాగినారు. నీళ్ళంటే గుర్తొచ్చింది, ఊర్లలో తొట్టెల్లో కొళాయి నీళ్ళు తాగొచ్చు, నాన్ పోటాబ్ల్ అని బోర్డు ఉంటే మాత్రం ముట్టొద్దు.

మధ్యాహ్నం ఉరుములకి భయపడండి. పొద్దున నీలంగా ఉండే ఆకాశం రెండింటికి నల్లబడుతుంది, అందుకే గైడు ఆరింటికే లేపుతుంది, సణక్కుండా లేవండి, కనుమ మధ్యాహ్నంలోపే దాటేయాల. ఇటలీ నుంచి స్విస్‌లోకి దాటే గ్రాన్ కోల్ ఫెరే 2537 మీటర్లు, అక్కడ మేం అవతలి పక్కకి దిగిన గంటకి వెనకాల పిడుగులు. ఎత్తు వల్ల తల తిరుగుతుందని భయం వద్దు, మామూలు దారిలో 2700 దాటం.

చివరి రోజు కోసం మోకాళ్ళు దాచి పెట్టుకోండి. బ్రెవాన్ శిఖరం 2525 మీటర్లు, అక్కణ్ణించి లే ఊష్ ఊరికి దిగితే దాదాపు 1500 మీటర్లు, ఒకేసారి రెండు అలిపిరిలు దిగినట్టు. మోకాలు మొండికేస్తే బ్రెవాన్ కాణ్ణించి రోప్‌వే ఉంది, షమోనీకి దించేస్తుంది, నేను ఆలోచించి కూడా నడిచే దిగినా, ఆ లేసు ముడి ఉంది కాబట్టి. షమోనీలో ఒక రోజు అదనంగా పెట్టుకుని, ఏగీయ్ డ్యూ మిడీ కేబుల్ కారులో 3842 మీటర్ల కాడికి పోండి, పది రోజులు ఎడమ పక్కన ఉండిన కొండ అక్కడ ఎదురుగా కనిపిస్తుంది. పొద్దున మొదటి బండికే పోండి, మధ్యాహ్నానికి మబ్బు పట్టేస్తుంది, ఆ ఉన్ని టోపీ సూట్‌కేసులో సర్దేయకండి.