లోతు తక్కువ నీళ్లలో తెరచాప పడవ: కిక్-అప్ చుక్కాని పెట్టాక వచ్చే తిప్పలు

హ్యూస్టన్ పక్కనున్న గాల్వెస్టన్ బే చాలా పెద్దదే కానీ సగటు లోతు 2-3 మీటర్లే. చలికాలంలో ఉత్తరపు గాలి గట్టిగా వీస్తే ఆ ఉన్న నీళ్లు కూడా మెక్సికో గల్ఫ్‌లోకి పోతాయి. పైగా అడుగున ఆల్చిప్పల దిబ్బలు. అందుకే ఇలాంటి చోట్లకు కాటలీనా 22 లాంటి స్వింగ్ కీల్ (అడుగున ఉండే బరువైన రెక్కను పైకి ఎత్తగలిగే) పడవలు బాగా నప్పుతాయి. కీల్ దించితే 5 అడుగుల లోతు కావాలి, ఎత్తేస్తే 2 అడుగులు చాలు. చిక్కల్లా పాత చుక్కానితోనే. అది మడవడానికి వీల్లేని ఒకే పలక. కీల్ ఎత్తేశాక పడవలో అన్నిటికన్నా కిందికి ఉండేది అదే, నేలకు ముందు తగిలేదీ అదే. దాన్ని తీసేసి, తగిలితే వెనక్కి లేచే కిక్-అప్ చుక్కాని పెట్టుకుంటారు.

పాత పలకనే కింద కోసేశాం, పడవ మాట వినట్లేదు

కొయ్యకూడదు. గాలికి పడవ ఒరిగితే వెనక తగిలించిన చుక్కాని పైభాగం నీళ్లలోంచి బయటికొస్తుంది. అప్పుడు పట్టు ఇచ్చేది కింది భాగమే, మీరు కోసింది దాన్నే. పొడవు తగ్గించక తప్పదంటే వెడల్పు పెంచాలి, కానీ టిల్లర్ (చుక్కానిని తిప్పే పిడి) బరువెక్కుతుంది.

టిల్లర్ లాగలేకపోతున్నాం

ఎక్కువమందికి వచ్చేది ఇదే. అందరూ మొదట తెరచాపనే అనుమానిస్తారు. నన్నడిగితే ముందు పలకను చూడాలి. పలకను దించే తాడు పూర్తిగా బిగించండి. బరువు తగ్గిందా, దొంగ దొరికినట్టే.

చుక్కాని తిరిగేది పింటిళ్ల మీద, అంటే దాన్ని పడవకు తగిలించే పిన్నుల మీద. పలక నిలువుగా ఉంటే నీటి తోపుడు ఆ పిన్నుల గీతకు దగ్గరగా పడుతుంది. వెనక్కి వాలినకొద్దీ దూరంగా పడుతుంది. తలుపును బందు దగ్గర నెట్టడానికీ, చివర నెట్టడానికీ ఉన్నంత తేడా, కాకపోతే ఇక్కడ నెట్టేది నీళ్లు, ఆపాల్సింది మీ చెయ్యి.

పడవ ట్రైలర్ మీద ఉన్నప్పుడు పింటిళ్ల వెంబడి తిన్నని బద్ద ఆనించి చూడండి. పలక ముందు అంచు ఆ గీతకు సమాంతరంగా ఉండాలి. వెడల్పులో పదో వంతు గీతకు ముందుకొస్తే చెయ్యి తేలికపడుతుంది. ఐదో వంతు దాటితే టిల్లర్ చేతిలోంచి లాక్కున్నట్టు ఉంటుంది. పలకను ఆపే బోల్టు జరిపి సరిచేయొచ్చు. అప్పటికీ బరువుంటే అప్పుడు మెయిన్ (పెద్ద) తెరచాప తగ్గించండి.

వేగం అందుకోగానే పలక లేచిపోతోంది

తాడు సాగుతోంది. నైలాన్ తీసేసి సాగని డైనీమా తాడు వేయండి. చెక్క పలకైతే తేలిపోతుంది కూడా, కింది అంచు దగ్గర కొంచెం సీసం పోయించాలి.

నేలకు తగిలినా పలక లేవలేదు, పింటిల్ వంగింది

ఇది పైదానికి పూర్తిగా రివర్స్. తాడును, దాన్ని పట్టి ఉంచే మామూలు క్లీట్‌లో బిగించేస్తే కిక్-అప్ పెట్టీ లాభం లేదు. దెబ్బ తగిలితే దానంతటదే వదిలే ఆటో-రిలీజ్ క్లీట్ పెట్టండి. లేదా తాడు మధ్యలో చిన్న సన్న తాడు ముక్క కట్టండి, తెగితే అదే తెగుతుంది. తిరుగుడు బోల్టు బిగుతు కూడా చూడండి: చేత్తో నెడితే పలక కదలాలి, అటూ ఇటూ ఊగకూడదు. ఊగి టకటకలాడుతుంటే, కూరగాయలు కోసే పాత ప్లాస్టిక్ బోర్డులోంచి వాషర్లు కోసి రెండు పక్కలా వేయండి.

పింటిళ్లకు సేఫ్టీ క్లిప్ తప్పనిసరి. లేకపోతే అడుగు తగిలిన దెబ్బకు చుక్కాని మొత్తం పైకి లేచి ఊడిపోతుంది.

పలక బిగుసుకుపోయింది

ప్లైవుడ్ అయితే బోల్టు రంధ్రం గుండా నీళ్లు తాగి ఉబ్బింది. రంధ్రం చుట్టూ గోరుతో నొక్కి చూడండి, మెత్తగా దిగుతుంది. బాగా ఆరనిచ్చి, రంధ్రాన్ని పెద్దది చేసి, చిక్కటి ఎపాక్సీ జిగురుతో నింపండి. గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు సైజు రంధ్రం వేయండి. ఇక బోల్టు చెక్కను తాకదు. పైపైన పెయింట్ వేస్తే వచ్చే సీజన్‌కు మళ్లీ ఇదే పని.

పలక సగం లేచి ఉండగా ఒడ్డుకు రావాల్సి వస్తే మెయిన్ దించేసి, జిబ్ (ముందువైపు చిన్న తెరచాప) ఒక్కదానితో మెల్లగా రండి. టిల్లర్‌ను కొద్దికొద్దిగానే తిప్పండి. సగం లేచిన పలకతో గట్టిగా మలుపు కొడితే తిరుగుడు బోల్టు దగ్గరే విరుగుతుంది.