చెవిలో హోరు: సొంతంగా గమనించడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఉప్పు లెక్క

గత పాఠంలో ఇచ్చిన పని గుర్తుంది కదా: రోజూ ఒకే వేళకు, ఒకే గదిలో కూర్చుని, చెవిలోని హోరుకు 0 నుంచి 10 లోపు ఒక అంకె వేసుకోవడం. ఏడు రోజుల అంకెలు చేతిలో లేకపోతే ఈ పాఠాన్ని పక్కన పెట్టి ముందు అవి పూర్తి చేయండి. కొలత లేకుండా పథ్యం మొదలుపెడితే ఏమవుతుందో చాలాసార్లు చూశాను. హోరు భరించలేనంత పెరిగిన రోజునే ఎవరైనా ఉప్పు మానేస్తారు. అంత పెరిగింది నాలుగు రోజుల్లో ఎలాగూ కొంత దిగుతుంది. పేరు మాత్రం పథ్యానికి దక్కుతుంది. ఆ తర్వాత నెలల తరబడి చప్పిడి తిండి తింటూ, హోరు మళ్లీ లేచిన ప్రతిసారీ ఏ ముద్దలో ఉప్పు ఎక్కువైందా అని వెతుక్కోవడమే మిగులుతుంది.

ఇంతకీ ఉప్పుకూ చెవికీ ఏమిటి సంబంధం? లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలో రెండు రకాల ద్రవాలు ఉంటాయి. ఒకదానిలో సోడియం ఎక్కువ, రెండోదానిలో పొటాషియం ఎక్కువ. ఈ తేడాయే అక్కడి వెంట్రుకల్లాంటి పోగులున్న కణాలకు బ్యాటరీలా పనికొస్తుంది. శబ్దం నరాల సంకేతంగా మారేది దాని బలంతోనే. మెనియర్స్ వ్యాధిలో పొటాషియం ద్రవం ఉండే గది ఉబ్బుతుంది. కళ్లు తిరగడం, వినికిడిలో హెచ్చుతగ్గులు, చెవి దిబ్బడ వేసినట్టు బరువు, వాటితో పాటు హోరు వస్తాయి. ఈ కళ్లు తిరగడానికి మూలం లోపలి చెవిలోనే ఉండవచ్చని 1861లో ప్యారిస్‌లో ప్రాస్పర్ మెనియర్ అనే వైద్యుడు వాదించాడు. ఉప్పు తగ్గితే ఒంట్లో నీరు నిలవడం తగ్గుతుంది కాబట్టి ఆ ఉబ్బు కూడా తగ్గవచ్చన్న ఆశతో ఈ రోగులకు వైద్యులు ఎంతో కాలంగా ఉప్పు తగ్గించమని చెబుతున్నారు.

ఆశ అన్న మాట కావాలనే వాడాను. ఈ సలహాను సరిగా పరీక్షించిన యాదృచ్ఛిక ప్రయోగాల కోసం (ఎవరికి ఏ పథ్యమో చీటీ తీసినట్టు నిర్ణయించేవి), వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే అంతర్జాతీయ సంస్థ కాక్రేన్ సమీక్షకులు గాలిస్తే, 2018 చివర వెలువడిన వారి నివేదిక నాటికి ఒక్కటి కూడా దొరకలేదు. సలహా తప్పని దీనర్థం కాదు, దాని వెనక రుజువు పలచగా ఉందని మాత్రమే. ఇక పెద్ద శబ్దాల వల్లో వయసు మీద పడటం వల్లో వచ్చే మామూలు హోరు విషయంలో ఉప్పు పాత్ర ఇంకా మసకగా ఉంటుంది. అందుకే ఎవరి చెవిని వారే అడిగి తెలుసుకోవాలి. ఎలా అడగాలన్నదే ఈ పాఠం.

ముందు లెక్క. పొట్లాల మీద ఎక్కువగా ఉప్పు అని రాయరు, సోడియం అని మిల్లీగ్రాముల్లో రాస్తారు. దాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే సుమారు 2,000 మిల్లీగ్రాముల సోడియం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక చిన్న చెంచాడు అనుకోండి.

ఇప్పుడు ఒక పొట్లం చేతిలోకి తీసుకుందాం. వెనక వైపు సన్నటి అక్షరాల్లో ‘ఒక వడ్డనకు సోడియం 480 మి.గ్రా.’ అని ఉంది. పరవాలేదే అనిపిస్తుంది. దాని పైవరుసలో వడ్డన అంటే 30 గ్రాములని ఉంది. పొట్లం బరువు 90 గ్రాములు. టీవీ ముందు కూర్చుని పొట్లమంతా ఖాళీ చేశారు. అంటే మూడు వడ్డనలు: 1,440 మిల్లీగ్రాముల సోడియం, 2.5తో గుణిస్తే 3.6 గ్రాముల ఉప్పు. రోజంతటికీ సరిపోయేదానిలో మూడింట రెండు వంతులకు పైనే, అన్నం దగ్గర కూర్చోకముందే. వంటలో చిటికెడు తగ్గించానని తృప్తిపడేవారు చూడాల్సింది ఈ పైవరుసనే.

ఇక ప్రయోగం. మొదటి ఏడు రోజులు మామూలు తిండి. ఇది మీ దగ్గర ఇప్పటికే ఉంది. తర్వాత పద్నాలుగు రోజులు 5 గ్రాముల లోపు. ఆ తర్వాత ఏడు రోజులు మళ్లీ పాత పద్ధతి. చాలామంది ఎగ్గొట్టేది ఈ చివరి వారాన్నే, కానీ అసలు జవాబు చెప్పేది అదే. మూడు సగటులు 5.6, 5.1, 5.4 అని వస్తే ఉప్పును వదిలేయండి, దాని మీద నేరం మోపలేం. 6.2, 3.9, 6.0 అని వస్తే మాత్రం గట్టిగా పట్టించుకోవాలి. ఒక చిన్న జాగ్రత్త: ముందు హోరు అంకె వేయండి, ఆ తర్వాతే ఉప్పు గడి నింపండి. ‘ఈరోజు తక్కువ తిన్నాను’ అని తెలిసిన చెయ్యి అంకెను కూడా తక్కువే వేస్తుంది.

రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, వైద్యులు ఇప్పటికే ఉప్పు తగ్గించమన్నవారు చివరి వారం చేయకూడదు. ఉప్పుకు బదులుగా అమ్మే పొడుల్లో చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి, కొన్ని రకాల రక్తపోటు మందులు వాడేవారికి అది ప్రమాదం. వైద్యుణ్ని అడగకుండా ముట్టుకోవద్దు.

నా పాత నోటుపుస్తకంలో ఒక వరుస ఇలా ఉంది: ‘శనివారం, విందు, ఉప్పు ఎక్కువ. ఆదివారం ఉదయం హోరు 8.’ చాలా రోజులు దాన్ని ఉప్పు ఖాతాలోనే రాసుకున్నాను. తర్వాత గుర్తుకు తెచ్చుకుంటే ఆ రాత్రి స్పీకర్ల పక్కనే మూడు గంటలు కూర్చున్నాను, పడుకునేసరికి రెండయింది. తిండి ఒక్కటే ఎప్పుడూ ఒంటరిగా రాదు. అందుకే పట్టికలో ఉప్పు పక్కన మరో నాలుగు గళ్లు గీయండి: నిద్ర గంటలు, పెద్ద శబ్దాలు, మద్యం, మందులు. ఆస్పిరిన్ ఎక్కువ మోతాదులో హోరు తెప్పిస్తుందన్నది బాగా తెలిసిన సంగతే, మోతాదు తగ్గితే సాధారణంగా అదీ తగ్గుతుంది. కాఫీ అలవాటును ఈ నాలుగు వారాలూ మార్చవద్దు. ఉన్నట్టుండి మానేస్తే వచ్చే తలనొప్పి, చిరాకు అంకెలన్నింటినీ పాడుచేస్తాయి. రోజూ తాగేంతే తాగండి.

హోరు నాడితో పాటు కొట్టుకుంటున్నా, ఒక్క చెవిలోనే వస్తున్నా ఈ ప్రయోగం మీకు కాదు, ముందు చెవి వైద్యుణ్ని కలవండి. వినికిడి ఉన్నట్టుండి పడిపోతే ఆ రోజే వెళ్లాలి. దాని చికిత్సలో ఒక్కో రోజు ఆలస్యానికీ విలువ ఉంటుంది.

ఈ వారం పని: ఇంట్లో ఉన్న ఐదు పొట్లాల సోడియాన్ని మీరు నిజంగా తినేంతకు లెక్కగట్టి ఉప్పులోకి మార్చండి, ఐదు గళ్ల పట్టిక గీసి పద్నాలుగు రోజుల భాగం మొదలుపెట్టండి. నిద్ర గడి ఖాళీగా వదలకండి. నాలుగో పాఠంలో మొదట చదివేది దాన్నే.