కాలిక్యులేటర్ థర్మల్ ప్రింటర్ అచ్చు వేయకపోతే: హెడ్‌ని అనుమానించే ముందు చూడాల్సినవి

మా మావయ్య వంశధార కాలువ పనుల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. లెవెల్స్ (నేల ఎత్తుపల్లాలు) లెక్కలకి ఆయన వాడిన హెచ్‌పీ 41సీవీ కాలిక్యులేటర్, దానికి తగిలించే 82143ఎ ప్రింటర్ శ్రీకాకుళంలో వాళ్ళింటి బీరువాలో ఇరవై ఏళ్ళ పైనే పడి ఉన్నాయి. హెడ్, అంటే కాగితం మీద వేడితో అచ్చు వేసే భాగం, పోయిందని ఎవరో మెకానిక్ చెప్పాడట, అంతటితో దాన్ని పక్కన పెట్టేశారు. నేను విజయనగరం తెచ్చుకుని విప్పి చూస్తే హెడ్ లక్షణంగా ఉంది. రోల్ తిరగేసి పెట్టారు, బ్యాటరీ కారింది, అంతే. ఆ తర్వాత నా చేతికొచ్చిన ఇలాంటి ప్రింటర్లలోనూ హెడ్ నిజంగా పోయింది చాలా తక్కువ. అందుకే ఏది ముందు చూడాలో ఆ వరుసలోనే రాస్తున్నాను.

మోటారు తిరుగుతోంది, కాగితం కదులుతోంది, అచ్చు మాత్రం లేదు

ముందు కాగితాన్ని గోటితో గట్టిగా గీయండి. థర్మల్ కాగితానికి మందు పూత ఒక వైపే ఉంటుంది. ఆ వైపు గీస్తే రాపిడి వేడికి నల్లటి గీత పడుతుంది. రెండు వైపులా పడకపోతే అది మామూలు కాగితం, లేదా మందు చచ్చిపోయిన పాత రోల్. గీత పడే వైపే హెడ్‌కి తగలాలి.

పాత కంపెనీ రోల్స్ కోసం వెతుక్కోనక్కర్లేదు. 82143ఎకీ, తర్వాత వచ్చిన హెచ్‌పీ ప్రింటర్ 82240బికీ స్వైపింగ్ మిషన్లలో వేసే 57 మిల్లీమీటర్ల రోల్ వెడల్పు సరిపోతుంది. విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల స్టేషనరీ షాపుల్లో రెండంగుళాల బిల్లింగ్ రోల్ అంటే ఇస్తారు. చుట్ట లావుగా ఉంటే గూట్లో బిగుసుకుని మోటారు మీద బరువు పడుతుంది, కాబట్టి సన్న చుట్టే తీసుకోండి, లేదా కొంత విప్పి పెట్టండి. రోల్స్‌ని ఎండలో ఆపిన కారులోనో, రేకుల షెడ్డులోనో వదిలేస్తే అచ్చు వేయకముందే బూడిద రంగుకి తిరుగుతాయి. మే నెలలో నాకు ఒక ప్యాకెట్టు మొత్తం అలాగే పోయింది.

టీఐ (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్) 58, 59 కాలిక్యులేటర్లకి వాడే పీసీ-100 ప్రింటర్ సంగతి వేరు. దానికి 63.5 మిల్లీమీటర్ల కాగితం కావాలి. 57 రోల్ పెడితే పక్కలకి జరిగిపోతుంది, పైగా హెడ్‌లో కొంత భాగం కాగితం లేకుండా నేరుగా రబ్బరు రోలర్ మీద వేడెక్కుతుంది. మూడంగుళాల బిల్లింగ్ రోల్‌ని ఆ వెడల్పుకి కోయించుకోవడమే మంచిది. కోశాక అంచుల్లోని పొట్టు పూర్తిగా దులపాలి.

కాగితం బాగుంటే స్విచ్ చూడండి. 82143ఎ మీద మ్యాన్, ట్రేస్, నార్మ్ అని మూడు స్థానాలు ఉంటాయి. మ్యాన్‌లో ఉంటే మనం ప్రత్యేకంగా అచ్చు వేయమంటేనే వేస్తుంది. అది రోగం కాదు. అచ్చు ముదురు తగ్గించే ఏర్పాటు కూడా ఉంటుంది, ఒకసారి మధ్యకి మార్చి చూడండి.

అసలు ప్రాణమే లేదు

82143ఎలో ఉండేది నికెల్ కాడ్మియం బ్యాటరీ. ఇన్నేళ్ళకి అది చచ్చి ఉంటుంది, చాలాసార్లు కారి కూడా ఉంటుంది. ప్యాక్ తీసి చూస్తే రాగి పలకల మీద తెల్లటి పొడి, పచ్చటి చిలుము కనిపిస్తాయి. మన జిల్లాల తీరగాలికి అది ఇంకా తొందరగా పాకుతుంది. కళింగపట్నం దగ్గర ఊరి నుంచి వచ్చిన ఒక ప్రింటర్‌లో చిలుము వైరు లోపలి దాకా వెళ్ళిపోయింది, పై తొడుగు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది.

కారింది క్షార ద్రవం కాబట్టి ఇయర్‌బడ్‌ని వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ ముంచి తుడిస్తే పొంగి వదులుతుంది. వెంటనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్ళీ తుడిచి ఆరబెట్టాలి. సెల్‌ఫోన్ రిపేర్ షాపులవాళ్ళు దీన్ని ఐపీఏ అంటారు, అడిగితే చిన్న సీసా ఇస్తారు. పాత ప్యాక్‌లో ఎన్ని సెల్స్ ఉన్నాయో, ఏ సైజువో చూసి, అవే లెక్కన ట్యాగులున్న (వైరు అతికించే రేకు ముక్కలున్న) కొత్త రీచార్జబుల్ సెల్స్ వేయించండి. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ పెట్టొద్దు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ప్యాక్ లేకుండా ఒట్టి అడాప్టర్ మీద ఆ తరం హెచ్‌పీ యంత్రాన్ని నడపొద్దు. వోల్టేజీని అదుపులో ఉంచేది బ్యాటరీయే. అది లేకపోతే లోపలి సర్క్యూట్‌కి దెబ్బ తగలొచ్చు. చచ్చిన ప్యాక్ పెట్టి అడాప్టర్ గుచ్చడం కూడా అంతే ప్రమాదం.

పీసీ-100 నేరుగా కరెంటుతో నడుస్తుంది. అమెరికా నుంచి వచ్చినదైతే వెనక స్టిక్కర్ మీద 115 వోల్టులని ఉంటుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230లో పెడితే ఆ క్షణమే పోతుంది. దాని మీద కాలిక్యులేటర్‌ని కూర్చోబెట్టే ముందు కాలిక్యులేటర్ బ్యాటరీ ప్యాక్ తీసేయాలి, ప్రింటరే దానికి కరెంటు ఇస్తుంది. డిస్‌ప్లే వెలగకపోతే ఆ గూట్లోని కాంటాక్ట్స్ తుడవండి.

కాలిక్యులేటర్ ప్రింటర్‌ని గుర్తించడం లేదు

హెచ్‌పీ 41లో పీఆర్ఎక్స్ అనే అచ్చు ఆజ్ఞ కొడితే నాన్‌ఎగ్జిస్టెంట్ (అలాంటిది లేదు) అని వస్తుందా? ప్రోగ్రాములో అచ్చు ఆజ్ఞల పేర్లు పోయి ఎక్స్‌రోమ్ 29 అంటూ అంకెలు కనిపిస్తున్నాయా? అంటే ప్రింటర్ కాలిక్యులేటర్‌కి అందడం లేదు. ఆ ఆజ్ఞలన్నీ ప్రింటర్‌తోపాటే వస్తాయి, ప్రోగ్రాము పాడవలేదు. రెండూ ఆఫ్ చేసి, ప్లగ్గు కాంటాక్ట్స్ ఐపీఏతో తుడిచి మళ్ళీ పెట్టండి. ఆన్‌లో ఉండగా ఎప్పుడూ గుచ్చొద్దు.

82240కి వైరే లేదు, ఇన్‌ఫ్రారెడ్‌తో నడుస్తుంది. రెండిటి కిటికీలు ఎదురెదురుగా, 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఎండ నేరుగా పడే చోట పెట్టకండి. ఇందులో ప్రింటర్ నుంచి కాలిక్యులేటర్‌కి జవాబు వెళ్ళదు, అందుకే ప్రింటర్ వెనకబడితే అక్షరాలు పోయి, వాటి చోట గళ్ళ గుర్తులు పడతాయి. పెన్సిల్ సెల్స్ నాలుగూ మార్చండి. హెచ్‌పీ 42ఎస్ అయితే డిలే ఆజ్ఞతో విరామం పెంచండి, 1.9 సెకన్ల దాకా ఇవ్వచ్చు.

అక్షరాల్లో తెల్లటి గీత

గీత ఏ దిక్కున ఉందో చూస్తే సగం రోగం తెలిసిపోతుంది. 82143ఎ హెడ్‌లో నిలువుగా వేడెక్కే చుక్కలు ఏడు ఉంటాయి, అది పక్కకి కదులుతూ రాస్తుంది. ఒక చుక్క పనిచేయకపోతే వరుసలోని ప్రతి అక్షరానికీ అదే ఎత్తులో అడ్డగీత పడుతుంది. పీసీ-100 హెడ్ కదలదు, ఇరవై అక్షరాల వెడల్పునా పరుచుకుని ఉంటుంది. అక్కడ చుక్క పోతే పైనుంచి కిందికి నిలువు గీత పడుతుంది.

ముందు ఐపీఏ ఇయర్‌బడ్‌తో మెల్లగా తుడవండి. బ్లేడు, గరుకు కాగితం దగ్గరికి రానివ్వద్దు, హెడ్ మీద పొర చాలా పలచన. తుడిచినా గీత పోకపోతే, కరెంటు తీసేసి మల్టీమీటర్‌తో ఏడు చుక్కల రెసిస్టెన్సూ ఒకదానితో ఒకటి పోల్చండి. ఆరు దగ్గరగా ఉండి ఒకటి అందకపోతే ఆ చుక్క పోయినట్టే. ఏడూ సమానంగా ఉంటే హెడ్ బాగున్నట్టు. అప్పుడు హెడ్‌తోపాటు అటూ ఇటూ ఊగే పలచటి రిబ్బన్ వైరు మడతలో విరిగిందేమో చూడాలి. కొలిచేటప్పుడు ఆ వైరుని మెల్లగా వంచి చూడండి, రీడింగు వచ్చిపోతుంటే అదే కారణం.

టిక్కు టిక్కుమంటుంది, కాగితం జారుతుంది

ప్లాస్టిక్ పళ్ళ చక్రం ఇరుసు మీద కుంచించుకుని పగిలింది. ఫెవిక్విక్ ఈ రకం ప్లాస్టిక్‌కి పట్టదు, రెండ్రోజుల్లో ఊడొస్తుంది. పళ్ళు లెక్కపెట్టి, వ్యాసం కొలిచి, పాత సీడీ డ్రైవులోనో బొమ్మ కారులోనో సరిపోయేది వెతకండి, లేదా త్రీడీ ప్రింట్ చేయించండి. రోలర్ నున్నబడితే ఐపీఏతో తుడిస్తే పట్టు వస్తుంది. జిగురులా కరిగిపోతే మాత్రం మొత్తం గీకేసి అదే వ్యాసమున్న సిలికాన్ గొట్టం తొడగాలి.

పాత అచ్చు వెలిసిపోతోంది

దీనికి ప్రింటర్‌లో చేయగలిగింది లేదు. మావయ్య లెవెల్స్ చుట్టలు కొన్ని ఇప్పటికే లేత గోధుమ రంగులో కనీ కనపడకుండా ఉన్నాయి. పీవీసీ కవర్లలో పెట్టినవే ముందు పోయాయి, ఆ ప్లాస్టిక్‌లోని నూనె లాంటి పదార్థం అక్షరాల్ని తినేస్తుంది. వెంటనే ఫోన్‌తో ఫోటోలు తీసి, మామూలు కాగితం మీద జిరాక్స్ కూడా చేయించాను. జిరాక్స్‌కి ఇచ్చేటప్పుడు కాగితాన్ని మిషన్ లోపలికి లాగించకుండా అద్దం మీద పెట్టమని చెప్పండి. భద్రంగా ఉంటుందని లామినేషన్ మాత్రం చేయించొద్దు, ఆ వేడికి కాగితమంతా ఒక్కసారే నల్లబడిపోతుంది.