ప్రొజెక్టర్‌కి విజిబుల్ ఫైబర్ లేజర్ ఎలా ఎంచుకోవాలి

ముందు రంగులు ఫిక్స్ చేసుకోండి, పవర్ సంగతి తర్వాత. రెక్ 2020 (అల్ట్రా హెచ్‌డీ వీడియోకి రంగులు నిర్ణయించే స్టాండర్డ్) అడిగేవి ఎరుపు 630, ఆకుపచ్చ 532, నీలం 467 నానోమీటర్లు. నీలానికి గాలియం నైట్రైడ్ డయోడ్ చాలు, దానికోసం ఫైబర్ లేజర్ (సన్నటి గాజు తీగలోనే కాంతి పుట్టించే లేజర్) అక్కర్లేదు.

ఆకుపచ్చకి రెండు దారులు. ఇటర్బియం ఫైబర్ లేజర్ ఇచ్చే 1064 నానోమీటర్ల కాంతిని ఎల్‌బీవో (లిథియం ట్రైబోరేట్) లాంటి క్రిస్టల్‌లోంచి పంపితే వేవ్‌లెంగ్త్ సగమై 532 వస్తుంది (దీన్నే డబ్లింగ్ అంటారు), కానీ క్రిస్టల్ టెంపరేచర్ అటూ ఇటూ అయితే పవర్ పడిపోతుంది కాబట్టి హీటర్ కంట్రోల్ పక్కాగా ఉండాలి. రెండోది నాకు బాగా నచ్చింది, ప్రాసియోడిమియం కలిపిన ఫ్లోరైడ్ ఫైబర్‌ని 445 దరిదాపు నీలం డయోడ్‌తో పంప్ చేస్తే (అంటే ఆ కాంతితో శక్తినిస్తే), ఫైబర్ రెండు చివర్ల అద్దాల కోటింగ్‌ని బట్టి నేరుగా 523 ఆకుపచ్చో 635 ఎరుపో వచ్చేస్తుంది, డబ్లింగ్ క్రిస్టల్ అవసరమే లేదు, ఎంత అందమైన పద్ధతో! కాకపోతే ఈ ఫ్లోరైడ్ ఫైబర్, అంటే జెడ్‌బ్లాన్, తేమకి పాడవుతుంది, తేలిగ్గా విరుగుతుంది, అందుకే కొసలు సీల్ చేయండి.

మూడు రంగులకీ వాట్లు సమానంగా పెట్టొద్దు, అదే వాట్‌కి 532 మన కంటికి 635 కన్నా సుమారు 4 రెట్లు వెలుగ్గా కనిపిస్తుంది.

ఇక స్క్రీన్ మీద మెరిసే చుక్కలు, అదే స్పెకిల్. కాంతిని మల్టీమోడ్ ఫైబర్ (కాంతి చాలా దారుల్లో వెళ్లే లావు కోర్ ఫైబర్) లోంచి పంపి ఆ ఫైబర్‌ని వణికించండి, లేదా తిరిగే డిఫ్యూజర్ (కాంతిని చెదరగొట్టే పలక) పెట్టండి. లైన్‌విడ్త్ (లేజర్ కాంతిలో వేవ్‌లెంగ్త్‌ల వెడల్పు) ఎక్కువుంటే ఇంకా మేలు, కానీ డబ్లింగ్‌కి సన్నటి లైనే కావాలి, అక్కడే చిక్కు.

500 మిల్లీవాట్లు దాటితే క్లాస్ 4, అంటే లేజర్లలో అత్యంత ప్రమాదకరమైన తరగతి, గోడ మీద చెదిరిన వెలుగుకే కన్ను దెబ్బతినొచ్చు. ఆకుపచ్చగా మారకుండా మిగిలిపోయిన 1064 అయితే కనపడనే కనపడదు, ఆ వేవ్‌లెంగ్త్‌లకి సరిపడే గాగుల్స్ లేకుండా స్విచ్ వేయొద్దు ప్లీజ్.