ఆటల టెక్నాలజీలో మెషీన్ లెర్నింగ్ టీమ్‌ని నడపడం ఎలా

మోడల్ (డేటా నుంచి నేర్చుకుని అంచనా చెప్పే ప్రోగ్రామ్) ఎంచుకునే ముందు కోచ్‌తో కూర్చుని ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకోండి: మోడల్ ఇచ్చే అంకె చూసి ఎవరు, ఎప్పుడు, ఏ నిర్ణయం మార్చుకుంటారు? మర్నాటి ప్రాక్టీసు ఎంత బరువుగా ఉండాలో తేల్చడానికైతే రాత్రంతా లెక్క నడిచినా పర్వాలేదు. అంపైర్‌కైతే సెకన్లలో కావాలి. డేటా ఒకటే అయినా ఈ రెండింటికీ కట్టాల్సిన సిస్టమ్‌లు వేరు.

ఆ తర్వాత కొలతలు. ఇక్కడ పెట్టిన శ్రమ ఎక్కడా వృథా పోదు. జీపీఎస్ జాకెట్ సాధారణంగా సెకనుకు 10 సార్లు, కదలికలోని కుదుపులను కొలిచే యాక్సెలరోమీటర్ 100 సార్లు, కెమెరా 25 లేదా 50 సార్లు నమోదు చేస్తాయి. దేని గడియారం దానిదే. సెకనుకు 9 మీటర్లు పరిగెత్తే ఆటగాడు, 25 ఫ్రేముల వీడియోలో ఒక్క ఫ్రేము తేడా వస్తే 36 సెంటీమీటర్లు జరిగిపోతాడు. అందుకే సెషన్ మొదట్లో ఆటగాడిని కెమెరా ముందు మూడుసార్లు గెంతమనండి. పాదం నేలను తాకిన ఫ్రేమునూ, సెన్సర్‌లో ఎగసిన శిఖరాన్నీ కలపండి. చివర్లో మళ్లీ గెంతించాలి, ఎందుకంటే గంటన్నరలో గడియారాలు కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతాయి.

గంటకు 140 కిలోమీటర్ల బంతి, 50 ఫ్రేముల వీడియోలో ఫ్రేముకు సుమారు 78 సెంటీమీటర్లు దాటుతుంది. షటర్ 1/250 సెకను అయితే 16 సెంటీమీటర్ల చారలా కనిపిస్తుంది. అలాంటి చిత్రం మీద లేబుల్ (బంతి ఇక్కడుందని మోడల్‌కు నేర్పే గుర్తు) ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేరు. మోడల్ మార్చకుండా షటర్ 1/1000కి పెంచండి. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఆఫ్‌సైడ్ కోసం 12 కెమెరాలు సెకనుకు 50 సార్లు చూస్తున్నా, బంతిలో సెకనుకు 500 సార్లు పంపే సెన్సర్ పెట్టారు. బంతిని తన్నిన క్షణం కచ్చితంగా తెలియాలి మరి.

టీమ్‌లు ఎక్కువగా దెబ్బతినేది డేటాను విడగొట్టే దగ్గర. ఫ్రేములను కలగాపులగంగా పంచితే పక్కపక్క ఫ్రేములే శిక్షణలోనూ పరీక్షలోనూ పడతాయి. స్కోరు మెరిసిపోతుంది, కొత్త స్టేడియంలో మోడల్ చతికిలబడుతుంది. మ్యాచ్‌ల వారీగా విడగొట్టండి. గాయాల అంచనాకైతే పాత సీజన్‌తో నేర్పి కొత్త సీజన్‌తో పరీక్షించండి. రాత్రి మ్యాచ్, వాన మ్యాచ్, జెర్సీ రంగులు దగ్గరగా ఉన్న మ్యాచ్ పక్కన పెట్టి, విడుదలకు ముందు తప్ప ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

గాయాల విషయంలో కచ్చితత్వ శాతాన్ని నమ్మకండి. 100 రోజుల్లో 2 గాయాలుంటే, రోజూ ‘కాదు’ అనే మోడల్‌కీ 98 శాతం వస్తుంది. ఎన్ని హెచ్చరికలు నిజమయ్యాయి, ఎన్ని గాయాలను మోడల్ పసిగట్టలేకపోయింది అని అడగండి. హెచ్చరిక చూసి కోచ్ విశ్రాంతి ఇస్తే గాయం జరగదు, రికార్డులో ఆ హెచ్చరిక తప్పుడుదిగా మిగులుతుంది. కాబట్టి ఏం చర్య తీసుకున్నారో కూడా రాసి పెట్టాలి.

లేబుల్ చేసేవారిలో ఇద్దరికి పదో వంతు క్లిప్‌లు ఒకటే ఇవ్వండి. ‘స్ప్రింట్ మొదలు’ ఎక్కడో వాళ్లిద్దరికే పొసగకపోతే మోడల్‌కు ఎలా తెలుస్తుంది? వారానికో గంట, తప్పుల వీడియోలు మొత్తం టీమ్, ఆట తెలిసిన విశ్లేషకుడితో కలిసి చూడాలి.

విడుదలయ్యాక ప్రతి మ్యాచ్‌కు ముందూ మైదానం గీతలను వీడియో మీద వేసి చూడండి. గాలికి, జనం కదలికకు కెమెరా స్టాండ్ జరుగుతుంది. ఫుట్‌బాల్‌లో పెనాల్టీ చుక్క గోల్ గీతకు 11 మీటర్ల దూరంలో రాకపోతే కాలిబ్రేషన్ (కెమెరా కొలతలను మైదానం కొలతలతో సరిపోల్చడం) మళ్లీ చేయాల్సిందే.