అమెరికా పెద్ద పదవుల నామినేషన్ ఎందుకు ఆగిందో తేల్చుకోవడం ఎలా?

అమెరికాలో పెద్ద పదవికి అధ్యక్షుడు ఒకరి పేరు పంపితే (అదే నామినేషన్), కాంగ్రెస్ ఎగువ సభ సెనేట్ దాన్ని ఆమోదించాలి. ఎవరి నామినేషన్ ఆగినా మన వార్తల్లో ఒకటే మాట: "సెనేట్ తిరస్కరించింది". చాలాసార్లు అది తప్పు. రాసే ముందు పది నిమిషాలు పెట్టి చూసుకోండి.

1. అమెరికా కాంగ్రెస్ (వాళ్ల పార్లమెంటు) అధికారిక వెబ్‌సైట్‌లో నామినేషన్ల విభాగం తెరిచి పేరు వెతకండి. వికీపీడియా జాబితాతో మొదలుపెట్టొద్దు.

2. పేరు దొరకలేదా? అసలు నామినేషనే వెళ్లలేదేమో చూడండి. 2024 నవంబర్‌లో అటార్నీ జనరల్‌గా మాట్ గేట్జ్ పేరు ట్రంప్ ప్రకటించారు, ఎనిమిది రోజులకే గేట్జ్ తప్పుకున్నారు. అప్పటికి ట్రంప్ ప్రమాణమే చేయలేదు. సెనేట్‌కు కాగితమే అందనప్పుడు తిరస్కరణ ఎక్కడిది?

3. పేరు దొరికితే చివరి ఎంట్రీ చదవండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే, నిదానంగా చదవండి.

ఓట్ల లెక్క ఉండి ఓడితేనే తిరస్కరణ. 1987లో సుప్రీంకోర్టుకు రాబర్ట్ బోర్క్ 42-58తో, 1989లో రక్షణ మంత్రి పదవికి జాన్ టవర్ 47-53తో ఓడారు. ఇలాంటివి అరుదు. ఓడతామని తెలిశాక ఓటింగ్ దాకా ఎవరు వెళ్తారు? 2021లో వైట్‌హౌస్ బడ్జెట్ ఆఫీసు అధిపతి పదవికి బైడెన్ ఎంపిక చేసిన నీరా టాండన్ అలాగే ఓటింగ్‌కు ముందే తప్పుకున్నారు. అది ఉపసంహరణ.

మూడోది "అధ్యక్షుడికి తిరిగి పంపడమైనది". సెనేట్ 31వ రూల్, 6వ పేరా ప్రకారం సెషన్ (దాదాపు ఏడాది) ముగిసేలోపు తేలని నామినేషన్లు వెనక్కి వెళ్లిపోతాయి. అట్టిపెట్టాలంటే సెనేటర్లందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా కుదరదు. 2016 మార్చిలో సుప్రీంకోర్టుకు నామినేట్ అయిన మెరిక్ గార్లండ్‌కు సెనేట్ కమిటీ ముందు హియరింగ్ లేదు, ఓటింగ్ లేదు. 2017 జనవరి 3న ఫైల్ తిరిగి వెళ్లింది. దాన్ని తిరస్కరణ అంటే, ఓటే వేయకుండా కూర్చున్న సెనేట్‌ను వెనకేసుకొచ్చినట్టే. ఈ తేడా కోసం నేను ఎవరితోనైనా వాదిస్తాను.

4. తిరిగి వెళ్లినంత మాత్రాన కథ ముగియదు. తర్వాతి సెషన్‌లోనూ, తర్వాతి కాంగ్రెస్‌లోనూ (ఒక్కో కాంగ్రెస్ రెండేళ్లు) అదే పేరు వెతకండి. ఎఫ్‌సీసీకి (టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ) గీగీ సోన్‌ను 2021లో నామినేట్ చేసి, 2022లో, 2023లో మళ్లీ పంపారు. 2023 మార్చిలో ఆమే తప్పుకున్నారు. మొదటి రికార్డు దగ్గరే ఆగితే తప్పు రాస్తారు.

5. ఉపసంహరణ అయితే, తేదీగా అధ్యక్షుడి ఉపసంహరణ లేఖ సెనేట్‌కు చేరిన రోజే వేయండి, ట్వీట్ పెట్టిన రోజు కాదు.