సంఘంలో కులం: పెద్దలకు ఒకరోజు శిక్షణ

గుంటూరు చుట్టుపక్కల క్రైస్తవ సంఘాల్లో ఈ శిక్షణ పెడితే 20 మందికి మించొద్దు. పాస్టర్లు, పెద్దలు, స్త్రీల సమాజం వాళ్లు కలిసే కూర్చోవాలి. "క్రీస్తులో కులం లేదు" అని మొదలుపెడితే మాట అక్కడే ఆగిపోతుంది. క్రీస్తులో అందరూ ఒక్కటే అనే వాక్యం, గలతీ 3:28, మధ్యాహ్నానికి ఉంచండి.

ముందు చార్టు మీద గుడి గీయించండి: ఎవరెక్కడ కూర్చుంటారు, కోశాధికారిది ఏ పేట, ప్రభువు బల్ల దగ్గర ముందెవరు, సమాధుల తోటలో ఎవరి వరస ఎటు. మాల, మాదిగ పేటల మధ్య ఉన్న గీత కూడా కనబడాలి. పైకులాలను తిట్టి దీన్ని దాటేయడం మామూలే.

ఎవరినీ కులం పైకి చెప్పమనకండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు, క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు ఇక్కడ వెనుకబడిన తరగతుల్లో సి వర్గం (బీసీ-సి). నలుగురిలో అన్న మాట ఒకరి ఎస్సీ సర్టిఫికెట్‌కే ఎసరు పెట్టొచ్చు. చెప్పాలనుకున్నది పేర్లు లేని చీటీల మీద రాయించి, చదివాక చింపేయండి.

లేచే ముందు ఒకటే తీర్మానం, తేదీ వేసి: కోశాధికారి పదవో, సమాధుల వరసో, ఏదో ఒకటి మార్చేలా.